సాత్తూర్లో దిగిపోయే మీగడ

కోవిల్‌పట్టిలో రోజూ పొద్దున తొమ్మిదింటికి జోతిలక్ష్మి తన పాలు పిండి, స్టీలు డబ్బాలో పోసి, చుట్టూ ఐసుముక్కలు సర్ది, విరుదునగర్ బస్సు కోసం గుమ్మంలో నిలబడేది. నెలలు నిండకుండా పుట్టిన కూతురు అక్కడి ఆసుపత్రిలో, గాజుపెట్టెలో ఉంది. మొగుడు ఉదయకుమార్ వార్డు బయట కాపలా. ఆపరేషన్ కుట్లు చీముపట్టాయని జోతిలక్ష్మిని మాత్రం బస్సెక్కొద్దన్నారు. పన్నెండు రోజులుగా ఆ ఇంట్లో మాట్లాడేదీ ఆమే, వినేదీ ఆమే.

కండక్టర్ మునుసామి డబ్బా అందుకుంటుంటే, "పోయి రా తల్లీ," అనేది పాలతో. వాళ్ళ వైపు ఎవరినీ ఉత్త "పో" అని పంపరు. సంతకు తోలే మేకనైనా "పోయి రా" అనే సాగనంపుతారు.

దీపం పెట్టే వేళకు పాల మీగడ తిరిగొచ్చేది. లేత పసుపుగా, చెంచాడంత, గడపెక్కి మంచం పక్క గిన్నెలో చేరేది. జోతిలక్ష్మి దానితో ఎండ గురించీ కుట్ల నొప్పి గురించీ చెప్పుకునేది. అది బదులు పలకదు. అయినా తోడుందనిపించి ఆ పూట నాలుగు ముద్దలు దిగేవి.

పదమూడో రోజు మునుసామి అన్నాడు: "అక్కా, నీ మీగడ దినమూ మధ్యదారిలో, సాత్తూర్లో దిగిపోతా ఉండాది. చంటిదానికి టికెట్టేందని నేను అడగలే. ఆడేమన్నా పనుండాదేమో అనుకుంటి."

ఆ మధ్యాహ్నమే నర్సు గాంధిమతి ఫోన్ చేసింది. "మీ పాలు నీళ్ళ మాదిరి వస్తా ఉండాయి. బిడ్డ కిలో నూటెనభై కాడే నిలిచిపోయినాది. మెదడుకైనా కంటిచూపుకైనా ఆ కొవ్వే కావాల. పొడిపాలు పడితే కడుపు ఉబ్బుతా ఉండాది. ఇట్లనే ఇంకా రెండు దినాలైతే కష్టంమా."

జోతిలక్ష్మి మంచం పక్క గిన్నె వైపు చూసింది. "పోయి రా" అని రమ్మన్నది తనే. అది మాట విని వచ్చింది. బిడ్డ నోటిది తెచ్చుకుని ఇన్నాళ్ళూ పక్కన కూర్చోబెట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది.

మర్నాడు డబ్బా అందిస్తూ, "పో," అంది.

మునుసామి ఉలిక్కిపడ్డాడు. చచ్చినవాళ్ళకు తప్ప ఎవరికీ అనని మాట అది.

"పో తల్లీ. మళ్ళీ రావద్దు. ఆడ అభినయ అని ఒకతి ఉండాది. ఇంక దానితోనే ఉండు."

బిడ్డకు పేరు పెట్టడం కూడా అలాగే అయిపోయింది.

సాయంత్రం ఎంత వద్దనుకున్నా కళ్ళు గడప మీదకే పోయాయి. తిరుగు బస్సు మెట్టు మీంచి మునుసామి అరిచాడు: "సాత్తూర్లో దిగలే అక్కా!"

మూడో రోజు ఉదయకుమార్ ఫోన్ చేశాడు. "ముప్పై గ్రాములు ఎక్కినాది. ఇదో, విను." సన్నగా, కోపంగా ఒక ఏడుపు వినిపించింది. అంతవరకూ దానికి ఏడ్చే ఓపికే లేదు. పాలు చేపి జోతిలక్ష్మి రవిక తడిసిపోయింది.

ఫోన్ ఆగిపోయాక ఇల్లు మునుపటికంటే పెద్దదిగా కనిపించింది. గిన్నె కడిగి బోర్లించింది. కాసేపు ఏడ్చింది. తర్వాత కంచం ముందేసుకుని ఒక్కతే అన్నం కలుపుకుంది. ముద్ద దిగకపోయినా మింగింది. రేపటి మీగడ అందులోంచే రావాలి.