వెళ్ళొస్తా

నీళ్ళ సరఫరా ఆఫీసుకి అందరికంటే ముందొచ్చేది, అందరూ సిస్టమక్క అని పిలిచే ఆవిడ. సర్వర్ గది తాళం తీసి, ఏసీ వేసి, కంప్యూటర్లలో కంటికి కనపడకుండా పనిచేసే సర్వీసులన్నీ నడుస్తున్నాయో లేదో చూసుకుంటుంది. వాటిలో పాతది, ఏ వీధికి నీళ్ళెప్పుడొస్తాయో ఇళ్ళకు మెసేజ్ పంపేది. నీళ్ళు రాకపోయినా మెసేజ్ మాత్రం ఠంచనుగా వస్తుందని ఊళ్ళో జోకు. ఆ ప్రోగ్రాం రాసింది ఆమె భర్త. ఆయన పోయాక ఆయన కుర్చీ ఆమెకిచ్చారు.

ఏ సర్వీసుకైనా 'ఆగు' అని సంకేతం పంపితే, రాసినవాళ్ళ గొంతుతో సెలవు తీసుకుని, చేతిలో పని ముగించి ఆగుతుంది. బలవంతపు సంకేతమైతే అంత వ్యవధి ఉండదు. పని సగంలో, మాట గొంతులో ఆగిపోతాయి.

పాతది మాత్రం ఎన్నిసార్లు ఆగమన్నా "వెళ్ళొస్తా" అని, కాసేపు ఎదురుచూసి, మళ్ళీ పనిలో పడేది.

"మొండిఘటం," అన్నాడు కొత్త ఆఫీసరు. "దీని బదులు కొత్తది వచ్చేసిందక్కా. మధ్యాహ్నానికి ఆగకపోతే బలవంతంగా ఆపేస్తా."

అది దేనికోసం చూస్తోందో ఆమెకు తెలుసు. ఆమె భర్త కూడా రోజూ 'వెళ్ళొస్తా' అని, ఆమె జవాబు వినందే గడప దాటేవాడు కాదు. ఆయన పోయిన రోజు వంటింట్లో మిక్సీ హోరులో ఆమెకేమీ వినపడలేదు. బయటికొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసుంది. ఎంతసేపు నిలబడ్డాడో ఏమో. ఆ తర్వాత ఆమె మిక్సీ ముట్టుకోలేదు. ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని తన దగ్గరికి వచ్చెయ్యమని చెల్లెలు ఎన్నిసార్లు పిలిచినా, "సర్వీసునెవరు చూస్తారే?" అనేది. జవాబిస్తే ఈ గొంతూ ఉండదు. అందుకే ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు.

కానీ ఆయన మాటను మధ్యలో తెంపేస్తే ఆమె తట్టుకోలేదు. భోజనాల వేళ గది ఖాళీ అయ్యాక 'ఆగు' అని పంపింది.

"వెళ్ళొస్తా."

ఆమె తెర దగ్గరికి వంగింది. "మంచిది. వెళ్ళిరండి."

మిగిలిన వీధులకు మెసేజీలు వెళ్ళాయి. తర్వాత ఏసీ చప్పుడొక్కటే మిగిలింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సాయంత్రం ఆఫీసరు బల్ల మీద ట్రాన్స్‌ఫర్ కాగితం పెట్టి, తలుపు దాకా నడిచి ఆగింది.

"వెళ్ళొస్తా," అంది. ఆ మాట ఎవరితోనైనా అని ఏళ్ళయింది.

ఆఫీసరు కొత్త సర్వీసుతో తంటాలు పడుతున్నాడు. ఆమె నిలబడే ఉంది.

"మంచిదక్కా, వెళ్ళిరండి," అన్నాడు తెర మీంచి తలెత్తకుండానే.

ఆమె గడప దాటింది.