ఉప్పూ కారం తినే మనిషి

"ఉప్పూ కారం తినే మనిషివేనా నువ్వు?" అని అత్తగారు దెప్పినప్పుడల్లా కోడలికి లోలోపల నవ్వొచ్చేది. ఆ ఇంట్లో ఉప్పు మాన్పించింది ఆవిడ కొడుకే. ఆయనకు రక్తపోటని తెలిసిన రోజే ఉప్పు డబ్బా అటకెక్కింది. ఆయన మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీన్లో నోటికి నచ్చింది తినేవాడు, అత్తగారు తన కంచంలో విడిగా చల్లుకునేవారు. చప్పిడి తిండి కోడలి పాలబడింది. కొన్నాళ్ళకు ఆమెకూ రక్తపోటొచ్చింది, ఒంట్లో నీరు తీసేసే మాత్ర ఒకటి జతపడింది. రాకేం చేస్తుంది మరి? పగలంతా ఫోన్ల కంపెనీలో ఫిర్యాదులు వింటూ జనం తిట్లు తిని "తప్పకుండా సార్" అనడం, ఇంటికొచ్చి అదే మాట ఇంకో గొంతుతో అనడం.

వాంతులు పట్టుకున్న వారంలో పొయ్యి దగ్గరే తూలి పడిపోయింది. రక్తంలో ఉప్పు అడుగంటిందన్నారు ఆసుపత్రిలో. మెల్లమెల్లగా తగ్గిన ఉప్పును మెల్లగానే పెంచాలి, తొందరపడితే మెదడుకే ముప్పు అని చెప్పి పెద్ద డాక్టరు వెళ్ళాడు. ఆయన అటు వెళ్ళగానే భర్త డ్యూటీ డాక్టరు వెంటపడ్డాడు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది, తనకు సెలవు లేదు, ఈమె ఎంత త్వరగా లేస్తే అంత మంచిదన్నాడు. డ్యూటీ డాక్టరుకూ మంచాలు ఖాళీ కావాలి. సెలైను జోరు పెరిగింది. ఆమె వింటూనే ఉంది. పెద్దాయన చెప్పింది గుర్తుంది కూడా. అడ్డు చెప్పడమే అలవాటు లేదు.

మర్నాటికి లేచి కూర్చుంది. అందరూ సంతోషించారు. ఇంటికెళ్ళి, పేరుకుపోయిన గిన్నెలన్నీ తోమి, వంటకు నిలబడింది. రెండు రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత నాలుక మడతపడి మాట ముద్దయింది, చేతిలో గ్లాసు జారింది. పని తప్పించుకోవడానికి వేషాలన్నారు అత్తగారు. తాగిన నీళ్ళు ముక్కులోంచి తిరిగొస్తేగాని ఎవరూ నమ్మలేదు.

మళ్ళీ ఆసుపత్రికి చేరేసరికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి. ఉప్పు ఒక్కసారిగా ఎక్కడంతో మెదడులో నరాల మీది పొర దెబ్బతిందని, తొడుగు ఊడిన కరెంటు తీగలా అయిందని పెద్ద డాక్టరు చెప్పాడు. అన్నీ వినిపిస్తాయి, అన్నీ తెలుస్తాయి, కళ్ళూ రెప్పలూ తప్ప ఏదీ కదలదు. వీపు కింద దుప్పటి మడత పగలంతా గుచ్చుతున్నా చెప్పుకునే దారి లేదు. ఎంత భయమేసిందో! నా ఒళ్ళు నాది కాకుండా పోయిందే అని ఏడ్చుకుంది. అసలెప్పుడు నాదైంది గనక అని కూడా అనుకుంది.

ఆసుపత్రిలో మాట పడిపోయినవాళ్ళకు మాటలు నేర్పే ఆవిడ వచ్చి ఒక ఒప్పందం పెట్టింది. పైకి చూస్తే అవును. కళ్ళు గట్టిగా మూసుకుంటే కాదు. భర్త పక్కనే నిలబడి "అవును" వరకూ నేర్చుకున్నాడు. ఈలోగా ఫోను మోగితే వరండాలోకి వెళ్ళిపోయాడు.

శిక్షణ కేంద్రంలో కొన్ని నెలలుంచి రోజూ సాధన చేయిస్తే కొంతైనా కోలుకోవచ్చు, ఇంట్లో మంచాన పడేస్తే ఉన్నదీ పోతుందన్నాడు పెద్ద డాక్టరు. ఆమెనే అడగమని చెప్పి పక్క గదికి వెళ్ళాడు. మాటలు నేర్పే ఆవిడకు ఆ రోజు సెలవు.

భర్త మంచం మీదికి వంగాడు. "ఇంటికెళ్దామా? అమ్మ చూసుకుంటుంది. మనిల్లుండగా పరాయిచోట ఎందుకు చెప్పు?"

ఇంట్లో కిటికీ లేని వెనకగది ఆమె కళ్ళముందు మెదిలింది. అక్కడ ఎవరు తిప్పి పడుకోబెడతారు, ఎవరు సాధన చేయిస్తారు? ఉన్న బలమంతా రెప్పల్లోకి తెచ్చుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. పెళ్ళయ్యాక ఆయనతో అన్న మొదటి "కాదు" అది.

"నిద్ర ముంచుకొచ్చింది పాపం," అన్నాడు నర్సుతో. "మౌనం అర్ధాంగీకారం అంటారుగా. డిశ్చార్జి కాగితాలు రాయించండి."

"ఉప్పూ కారం తినే మనిషైతే ఏదో ఒకటి అనేది," అని నిట్టూర్చారు అత్తగారు.

ఆమె కళ్ళు తెరవలేదు. రెప్పలు వణుకుతున్నా బిగబట్టింది. మాటలు నేర్పే ఆవిడ వచ్చి మళ్ళీ అడిగేదాకా తెరవకూడదని నిశ్చయించుకుంది. తెరిస్తే ఎదురుగా నిలబడ్డ ఆయన ముఖం చూడాలి. పడుకున్న మనిషి నిలబడ్డ మనిషిని చూడాలంటే పైకే చూడాలి.