తొంభై అయిదులో తప్పిన బాణం

ఆపరేషన్ గది బయట బల్ల మీద అమ్మమ్మ కూర్చుని ఉంది. "వస్తానే చెల్లీ" అంటూ ఆమె అక్క లోపలికి వెళ్ళి మూడు గంటలైంది. గుండె ఆపరేషన్. తొంభై అయిదు శాతం భయం లేదన్నాడు డాక్టరు.

పక్కన మనవరాలు ఫోనులో ఆట ఆడుతోంది. తెర మీద విలుకాడి పక్కన, బాణం తగిలే అవకాశం 95% అని ఉంది. బాణం వదిలితే గురి తప్పింది.

"అదేమిటే! తొంభై అయిదని ఉందిగా!"

"మిగతా అయిదూ ఉన్నాయిగా అమ్మమ్మా. ఆటలో గెలిచిన పాయింట్లు విలువిద్యకు పెడితే ఛాన్సు పెరుగుతుంది. నూరు మాత్రం కాదు."

"మరి ఆ డాక్టరుకు ఎన్ని పాయింట్లున్నాయో!"

మనవరాలు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగింది. "నా దగ్గర ఒక పాయింటుంది. విలువిద్యకా, వైద్యానికా, దేనికి పెట్టను?"

"వైద్యానికి పెట్టు."

"దానివల్ల బాణం తగలదే!"

"పెట్టమన్నానా!"

పెట్టింది. విలుకాడికి మళ్ళీ తొంభై అయిదే చూపించింది. ఈసారి బాణం సూటిగా తగిలింది. అమ్మమ్మకు మరీ అయోమయమైంది. అంకె మారనప్పుడు ఎలా తగిలినట్టు?

తలుపు తెరుచుకుంది. "మీ అక్కగారు గట్టెక్కారమ్మా" అన్నాడు డాక్టరు.

అమ్మమ్మ కళ్ళు తుడుచుకుంది. "మరి ఆ అయిదూ ఎటు పోయాయి నాయనా?"

"అది నాకూ తెలియదమ్మా" అన్నాడు డాక్టరు.