వేలాడే కొస

పూర్ణిమ జాకెట్టు కటింగు పాఠం పదకొండింటికి మొదలుకావాలి. చేవెళ్ల నుంచి గండిపేట దాకా ఆడవాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చుని తెర మీద చూసి నేర్చుకుంటారు. ఇది మొదటి రోజు. నచ్చితే చేరతారు, లేకపోతే లేదు. సురంగల్‌లో మిషన్ తొక్కీ తొక్కీ నడుం పడిపోయిన పూర్ణిమ ఆశంతా దీని మీదే పెట్టుకుంది.

ముందుగదిలోని మోడెం నుంచి ఒక వైరు కుట్టుగదిలోని చిన్న హబ్బుకు, అంటే వైర్లు దూర్చే బొర్రలున్న డబ్బాకు, వచ్చింది. హబ్బు నుంచి రెండు కంప్యూటర్లకు రెండు వైర్లు. ఒకదాని కెమెరా కటింగు బల్ల మీదికి వంగి ఉంటుంది, రెండోదాంట్లో నేర్చుకునేవాళ్ల మొహాలు కనబడతాయి. మరిది కంప్యూటరు తెచ్చుకుంటే పనికొస్తుందని ఇంకో వైరు కూడా హబ్బుకు తగిలించి, రెండో కొస కిందికి వదిలేసింది. పొద్దున అన్నీ తగిలించి చూస్తే నెట్ బ్రహ్మాండంగా వచ్చింది. జడ వేసుకోవడానికి లేచి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి రెండు తెరలూ బిగుసుకుపోయి ఉన్నాయి. హబ్బు మీది దీపాలన్నీ పూనకం వచ్చినట్టు ఒక్కసారే కొట్టుకుంటున్నాయి.

“సూది దారం పని గాలిల ఎట్ల నేర్పుతవంటే ఇన్నవా?” అంది అత్త అరుణమ్మ, చిక్కుడుకాయలు తుంచుతూ.

“గాలిల కాదత్తమ్మా, వైర్ల. జర ఆగు.”

మోడెం ఆపి మళ్లీ వేసింది. లాభం లేదు. ఇంతలో ఫోను. చేవెళ్ల నుంచి పెంటమ్మ.

“అక్కా, గుడ్డ పరుచుకొని కూసున్న. నువ్వేడున్నవ్?”

“వస్తున్న, వస్తున్న.”

పూర్ణిమ ఒక్కో వైరూ పట్టుకుని వేలితో తడుముతూ పోయింది. ఒకటి మోడెంకు, రెండు కంప్యూటర్లకు. నాలుగోది హబ్బులోంచి బయలుదేరి, బల్ల కింద చుట్టు తిరిగి, మళ్లీ హబ్బులోకే దూరింది. పొద్దున అక్కడ ఒక బొర్ర ఖాళీగా ఉండాలి.

“మామా, ఈ కొస ఎవరు పెట్టిండ్రు?”

“నేనే బిడ్డా,” అన్నాడు మామ మైసయ్య అరుగు మీంచి, మెప్పు కోసం చూస్తూ. “ఏలాడుతుండె. బోరుకాడ గిట్ల వైరు కొస ఇడిసిపెడితే బర్రె బతుకుతదా? పక్కనే బొర్ర ఖాళీగున్నది, పెట్టిన.”

కోపం తెచ్చుకోబోతే పూర్ణిమకు నవ్వొచ్చింది. “దీంట్ల కరెంటు షాక్ ఉండదు మామా. కానీ ఇది చెప్పిన మాట మల్ల దీని చెవులకే వస్తున్నది. తనతోని తనే మాట్లాడుకుంటున్నది, ఇంకొకరి మాట ఇంటలేదు.”

“మీ అత్త లెక్కనా?”

“నీ లెక్కనే,” అంది అరుణమ్మ.

కొస లాగేయగానే దీపాలు కుదురుకున్నాయి, తెరలు మళ్లీ కదిలాయి. మైసయ్యకు మాత్రం మనసొప్పలేదు. బోరు స్టార్టరు డబ్బాలోంచి నల్ల టేపు తెచ్చి, కటింగు బల్ల మీద కెమెరా కిందే పెట్టుకుని ఆ కొసకు చుట్టసాగాడు.

“అక్కా,” కంప్యూటర్లోంచి పెంటమ్మ గొంతు. “గా మట్టి చేతులు ఎవరియి? మీ మాస్టరియా?”

తెర నిండా మొహాలు, అన్నీ నవ్వుతున్నాయి. మైసయ్య చెయ్యి తీయలేదు. “ఇది మొదటి పాఠం బిడ్డా. వైరన్నగాని, దారమన్నగాని, కొస ఉత్తగ ఇడువొద్దు.”

పూర్ణిమ కత్తెర పక్కన పెట్టి, సూదిలోకి దారం ఎక్కించింది. “మా మామ చెప్పింది నిజమే. ముందుగాల ముడెయ్యుడు చూపిస్త.”