మాటలు మాత్రమే వచ్చిన ఊరు

రిబ్కమ్మది సావర్‌గాం, చెల్లెలు హెప్సిబాది ముక్తాపూర్. ఇచ్చోడ దాటాక హైవేకి అటొకటి ఇటొకటి ఉంటాయి ఆ ఊళ్లు. పత్తి ఏరే రోజుల్లో అక్కాచెల్లెళ్లు ఒకే చేనుకు కూలికి పోతారు. ఆదివారం ఇచ్చోడ చర్చిలో ఒకే చాప మీద కూర్చుంటారు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక నవనీత అనే నర్సు సావర్‌గాం వచ్చింది. హైదరాబాద్‌లోని ఒక పెద్దాసుపత్రి రొమ్ము క్యాన్సర్ మీద అధ్యయనం చేస్తోందని, తను ఆ పని మీదే తిరుగుతున్నానని చెప్పింది. బడి వరండాలో ఆడవాళ్లను కూర్చోబెట్టి, బొమ్మల చార్టు గోడకు తగిలించి, గడ్డ ఎలా ఉంటుందో, చర్మం ఎలా గుంత పడుతుందో, నొప్పి లేదు కదా అని ఊరుకుంటే ఎంత ముప్పో ఓపిగ్గా వివరించింది. మొదట కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినవాళ్లు కూడా కాసేపటికి నవ్వడం మానేశారు.

రిబ్కమ్మ లేచి నిలబడింది. "బిడ్డా, మా చెల్లె ఊర్ల పరదా కట్టి, ఒక్కొక్కల్ని లోపటికి పిలిచి చేత్తోని చూస్తరట గదా. ఈడెందుకు చూస్తలేరు?"

"ఊర్లను రెండు జట్లు చేసిండ్రు పెద్దమ్మా. ఒక జట్టుకు చేత్తోని చూసుడు. ఇంకో జట్టుకు గిట్ల చెప్పుడు. ఏ ఊరు ఎందుల పడాల్నో చిట్టీలు తీసిండ్రు. కొన్నేండ్లయినంక రెండు జట్లను పక్కపక్కన పెట్టి చూస్తరు."

"చూస్తే ఏమైతది?"

"చేత్తోని చూసుడుతోని పానాలు నిలుస్తున్నయా లేదా తెలుస్తది."

"మరి నిలువని పానాలు ఎవలయి?"

నవనీత గోడ మీది చార్టు తీసి చుట్టింది. ఏ ఊరివాళ్లయినా అనుమానముంటే పెద్ద దవాఖానకు పోవచ్చని, ఎవరూ అడ్డు చెప్పరని అంది. అబద్ధం చెప్పే పిల్ల కాదని రిబ్కమ్మకు ముఖం చూస్తేనే తెలిసింది.

ముక్తాపూర్‌లో పరీక్షలు చేసే రోజు రిబ్కమ్మ కూలి మానుకుని పోయి, చెల్లెలి వెనక వరుసలో నిలబడింది. నవనీత గుర్తుపట్టి పక్కకు పిలిచింది.

"నువ్వు ఈ ఊరి లెక్కల లేవు పెద్దమ్మా."

"జర చూడు బిడ్డా. ఎవలికి చెప్త నేను?"

"ఒక్కలను చూస్తే అందరొస్తరు. రెండు జట్లు కలిసిపోతే చేసిన పనంతా ఖరాబైతది, నా నౌకరి పోతది. నీకేమన్న బాధున్నదా? ఉంటే చెప్పు, దవాఖానకు రాసిస్త."

బాధ లేదు. లేదనే చెప్పింది. అడుక్కున్నట్టయిందని సిగ్గేసి, చెల్లెలు పరదా వెనక నుంచి వచ్చేదాకా కూడా ఆగకుండా రోడ్డు దాటి ఇంటికొచ్చేసింది.

హెప్సిబాకు శనగగింజంత గడ్డ దొరికింది. ఆసుపత్రివాళ్లే జీపులో తీసుకుపోయి ఆపరేషన్ చేయించి, మందులిచ్చి, మళ్లీ ఇంటి దగ్గర దింపారు. మరుసటి ఏటి పత్తికి ఆమె మళ్లీ నడుముకు సంచి కట్టుకుని చేనులోకి దిగింది.

రిబ్కమ్మ గడ్డ ఆ పత్తి కాలంలోనే బయటపడింది. స్నానం చేస్తుంటే, చార్టులో చూపించినట్టే చర్మం గుంత పడి కనిపించింది. ఆమె ఒక్క రోజు కూడా దాచలేదు. భర్త మొగిలిని తీసుకుని ఆదిలాబాద్ పోయింది, అక్కడివాళ్లు పంపితే కరీంనగర్ పోయింది. కరీంనగర్‌లో డాక్టరు మొగిలిని ఒక్కడినే లోపలికి పిలిచి ఎముకల ఫొటోలు చూపించాడు. మొగిలి బయటికొచ్చి ఆమెను బస్టాండ్‌కు నడిపించుకుపోయాడు. బస్సు కదిలాక, కిటికీలోంచి బయటికి చూస్తూ, "బొక్కలకు పాకిందట" అన్నాడు.

మందులు మొదలయ్యాయి, జుట్టు రాలిపోయింది. రిబ్కమ్మ చర్చికి మాత్రం మానలేదు. ఒక ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి హెప్సిబా లేచింది.

"ప్రభువుకు స్తోత్రం. ఇంతమందిల ఆయన నన్ను యాది చేసుకున్నడు. నా మీద చెయ్యి పెట్టి, కనవడని గడ్డను కనవడేటట్టు చేసిండు. నన్ను ఏర్పరచుకున్నడు."

అందరూ స్తోత్రం అన్నారు. చాప మీద నుంచి రిబ్కమ్మ లేవడానికి కాస్త సమయం పట్టింది.

"దేవుడు గాదు చెల్లే. చిట్టీ. మీ ఊరి చిట్టీ అటు పడ్డది, మా ఊరిది ఇటు పడ్డది. దేవుడే తీసిండంటవా, అయితే మా ఊరి పేరు చదివి పక్కకు పెట్టింది గూడ ఆయనేనా? చెప్పు."

"అమ్మా, కూసో. ప్రార్థన చేద్దాం" అన్నాడు పాస్టరు బెంజమిన్.

"చేయుండ్రి అయ్యగారూ. నేనడిగింది దాన్ని."

పాస్టరు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. బయట గేటు దగ్గర హెప్సిబా ఏడుస్తూ అక్క చెయ్యి పట్టుకుంది. "నేనేం తప్పు చేసిన అక్కా?"

"నువ్వేం చేయలే. చేస్తే తిడుదును. తిట్టేతందుకు గూడ ఎవలూ లేకపాయె నాకు."

చెయ్యి విడిపించుకుని ఆటో ఎక్కింది. ఆ తర్వాత హెప్సిబా కూర వండి తెచ్చేది. రిబ్కమ్మ తినేది, మాట్లాడేది కాదు.

ఎండాకాలం వచ్చేసరికి అధ్యయనాన్ని అనుకున్నదానికన్నా ముందే ముగించారు. చేత్తో చూసిన ఊళ్లలో గడ్డలు చిన్నగా ఉండగానే దొరికాయట. ఇక మిగిలిన ఊళ్లలో కూడా చూస్తామని చెప్పడానికి డాక్టర్ మమతారాణి నవనీతను వెంటబెట్టుకుని సావర్‌గాం వచ్చింది. రిబ్కమ్మ సంగతి విని ఇంటికొచ్చి, మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. మంచి మనిషే. మందుల చీటీలన్నీ చూసి, నొప్పికి ఇంకో బిళ్ల రాసింది.

"మీ ఊరు ఇచ్చిన సహకారం చిన్నది కాదమ్మా. మీవల్ల రేపు ఎంతోమంది బతుకుతారు."

"నేనేం ఇచ్చిన మేడం? ఇయ్యమని నన్నెవలడిగిండ్రు? చిట్టీ పడ్డదన్నరు, ఊకున్న."

మమతారాణి మందుల చీటీలు మడిచి దిండు పక్కన పెట్టింది. నవనీత గుమ్మం దగ్గరే నిలబడి ఉంది, లోపలికి రాలేదు.

పరీక్షల రోజు బడి వరండాలో పరదా కట్టారు. ఊరు కదల్లేదు. రిబ్కమ్మను చూసినకొద్దీ ఆడవాళ్లకు భయం ఎక్కువైంది. లోపల ఏముందో తెలిస్తే తమకూ జుట్టు రాలిపోతుందని, ఇల్లంతా పరేషాన్ అవుతుందని తలుపులేసుకున్నారు. కోడలు స్తుతి కూడా చేనులో పనుందని తప్పించుకోబోయింది. రిబ్కమ్మ మంచం దిగి, ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుని, దారిలో రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకుంటూ బడికి తీసుకుపోయింది.

పరదా బయట మెట్టు మీద కూలబడింది. లోపల నవనీత గొంతు మెల్లగా వినిపిస్తోంది. కాసేపటికి స్తుతి జాకెట్టు సర్దుకుంటూ బయటికొచ్చింది. ముఖం విప్పారి ఉంది.

"ఏం లేదట అత్తా! మంచిగున్ననట!"

రిబ్కమ్మకు గుండె మీది బరువు దిగింది. ఆ వెంటనే ఇంకేదో లోపల సుర్రుమంది. అది ఆ పిల్ల మీద ఈర్ష్య. చేయి పట్టుకుని తనే తీసుకొచ్చిన పిల్ల, తన మనవడి తల్లి. ఇంత పాడు బుద్ధి తనకెక్కడి నుంచి వచ్చిందో ఆమెకు అర్థం కాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషపు కన్నీళ్లనుకుని స్తుతి దగ్గరికొచ్చి భుజం పట్టుకుంది.

"ఇంక సాలు తీయ్" అంది రిబ్కమ్మ కటువుగా. "పొయ్యి మీద ఎసరు పెట్టు పో, నేనొస్త."

స్తుతి బిక్కముఖం వేసుకుని వెళ్లిపోయింది. రిబ్కమ్మ ఆ మెట్టు మీదే, ఎండ కాళ్ల మీదికి వచ్చేదాకా కూర్చుంది.