పిట్ట ఉన్నప్పుడు పలకకూడదు

నోరు మూయని పిల్ల కాబట్టి ఇంట్లో అందరూ దాన్ని వసపిట్ట అనే పిలుస్తారు. ఇంకా బడిలో వెయ్యలేదు. అలాంటిదాన్ని ఈ వేసవిలో వాళ్ళమ్మ గంటసేపు కిక్కురుమనకుండా కూర్చోబెట్టగలిగిందంటే, అది చెరువు మీది పిట్టల చలవే.

తన తమ్ముడు కొన్నాళ్ళు వాడేసి మూలన పడేసిన బైనాక్యులర్ ఒకటి ఆ తల్లి చేతికొచ్చింది. చదువు మధ్యలోనే ఆగిపోవడంతో పుస్తకాల్లోని పేర్లు తెలియవు. తల్లీకూతుళ్ళే పేర్లు పెట్టుకున్నారు: తోకాడించేది, కర్రకాళ్ళది, కోపిష్టి తాతయ్య. నియమం ఒక్కటే. పిట్ట ఉన్నప్పుడు పలకకూడదు, ఎవరు పిలిచినా సరే. అది అలవాటు చెయ్యడానికి ఆమె కావాలనే పిల్లను పిలిచేది. పలకకపోతే పిల్ల గెలిచినట్టు.

"ఆకు కదిలితే ఉలిక్కిపడేదానివి, నీకీ పిట్టల పిచ్చేమిటమ్మా" అని అత్తగారు దెప్పేవారు. నిజమే. ఆ అద్దాలు కళ్ళకు పెట్టుకున్నంతసేపే ఆమెకు గుండెదడ తగ్గేది.

వేసవి చివరికొచ్చేసరికి నీళ్ళు నడిమధ్యకు ఇంకిపోయాయి. చచ్చిన చేపల కంపు. మిగిలిన ఆ కాస్త నీటి చుట్టూ పిట్టలు కిక్కిరిశాయి.

ఓ సాయంత్రం పంపు దగ్గర పనిచేసే పెద్దాయన వాళ్ళను గట్టు మీద ఆపాడు. "కిందికి దిగకండమ్మా. పైన పెచ్చు కట్టింది గానీ లోపలంతా బురదే. మొన్న ఓ గేదె దిగబడింది."

"లాగారా?"

"లాగాం. బతకలేదు." పిల్ల వైపు వంగాడు. "ఏం చూస్తున్నావే చిట్టీ?"

పిల్ల పెదవుల మీద వేలు పెట్టింది.

"మాటలు రావా మీ అమ్మాయికి?"

"వస్తే ఆగవు" అని నవ్వింది ఆమె.

నీటి అంచున వంకర ముక్కుది ఒకటి దిగింది. ఎన్నడూ చూడనిది. ఆమె అద్దాలు దించలేకపోయింది. ఎవరో చున్నీ లాగారు. తల తిప్పకుండానే "ష్" అంది. మళ్ళీ లాగారు. ఆ తర్వాత లాగలేదు.

అద్దాలు దించేసరికి పక్కన పిల్ల లేదు.

పిలిచింది. పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. గట్టు కింది రెల్లు కదల్లేదు. వసపిట్టా అంది, నా తల్లీ అంది, ఆట అయిపోయింది పలకమంది. ఎవరు పిలిచినా సరే అని తనే నేర్పింది కదా అని అప్పుడు తట్టింది.

అద్దాలెత్తి రెల్లంతా వెతికింది. దొరికింది. తొడల దాకా బురదలో నిలబడి, తననే చూస్తోంది పిల్ల. ఏడవడం లేదు. అద్దాల్లో చెయ్యి చాపితే అందేంత దగ్గర. దించితే ఎక్కడో.

ఆమె కేకకు పెద్దాయన పంపు గది తలుపు పీకి తెచ్చి బురద మీద పరిచాడు. దాని మీద బోర్లా పడుకుని, అప్పటికే నడుం దాకా మునిగిన పిల్లను చంకల కింద పట్టి లాగాడు.

ఇంటికొచ్చి నీళ్ళు పోస్తూ, "పిలిస్తే పలకాలి. పిట్ట ఉన్నా పలకాలి. సరేనా?" అంది ఆమె. పిల్ల తలూపింది.

"తలూపడం కాదు. నోటితో."

"ఆ."

చీకటి పడకముందే పిల్లను పడుకోబెట్టి వంటింట్లోంచి పిలిచింది. "ఆ" అంది పిల్ల. కూర కలిపి మళ్ళీ పిలిచింది. "ఆ."

"దాన్ని కాస్త కునుకు తియ్యనివ్వవా" అన్నారు అత్తగారు.

ఇంకోసారి పిలిచింది. జవాబు లేదు.

"నిద్రపోయుంటుందిలే."

ఆమె చేతిలో గరిటెతోనే గదిలోకి వెళ్ళింది. పిల్ల కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. పెదవుల మీద వేలు పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా కిటికీ వైపు చూస్తోంది. ఆమె పక్కనే కూర్చుని, చెవి దగ్గర మెల్లగా పిలిచింది.

కిటికీ అవతల పిట్ట ఏదీ లేదు.