డ్రైవర్ల పందెం

పత్తికట్టె పీకేశాక నల్లపాడు అవతల చేలన్నీ ఖాళీ అయ్యేవి. ఎండకు నల్లరేగడి నెర్రెలు విచ్చేది. ఆ నెర్రెలు పూడ్పించి, నేల చదును చేయించి, యాభైల చివర్లో ఏటా అక్కడ కారు పందేలు పెట్టేవాళ్లు. మిల్లుల వాళ్ల పాత ఫోర్డులు, మిలిటరీ వాళ్లు అమ్మేసిన జీపులు వచ్చేవి. దుమ్ములో ఏ బండి ఏదో కనపడేది కాదు, చప్పుడును బట్టే చెప్పేవాళ్లం. ఒంగోలు నుంచి కూడా జనం లారీలెక్కి వచ్చేవాళ్లు. ఆ పెట్రోలు వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

మా ఆయన సిలార్, నూనెమిల్లు వెంకయ్య గారి డ్రైవరు. పందేల్లో వాళ్ల కారును వరసగా గెలిపిస్తూ వచ్చాడు. దండ మాత్రం ప్రతిసారీ వెంకయ్య గారి మెడలో పడేది. మైకులో చదివేది కూడా ఆ పేరే.

ఒక ఏడాది పందెం గెలిచి మా ఆయన ఇంటికొచ్చి ముఖం కడుక్కుంటుంటే ఉండబట్టలేక అడిగాను.

"తోలింది నువ్వా, ఆయనా?"

ఆ తర్వాత కొన్నాళ్లకు మా ఆయన తుప్పుపట్టిన జీపొకటి ఎడ్లబండి మీద వేసుకొచ్చాడు. పని నుంచి వచ్చాక రోజూ దాని కిందే పడుకునేవాడు. నేను ఇసుకా కిరసనాయిలూ పెట్టి తుప్పు తోమాను. ఇంజను మొదటిసారి అందుకున్నప్పుడు మా ఇంటి పెంకులు అదిరాయి.

పందెం రోజు వెంకయ్య గారు జీపుకు అడ్డంగా నిలబడ్డారు.

"ఏరా సిలారూ, ఎవరిదిరా ఈ బండి?"

"నాదేనండి."

"ఇది ఓనర్ల పందెం. డ్రైవర్ల పేర్లు ఎక్కడ రాస్తార్రా?"

"మీరు రాయక్కర్లేదండి. మేమే రాసుకుంటాం."

గీత గీయడానికి పెట్టిన సున్నం డబ్బా పక్కనే ఉంది. బానెట్ మీద 'సిలార్' అని రాశాను. అక్షరాలు పెద్దవే పడ్డాయి.

అందరికంటే వెనక, అందరి దుమ్మూ మింగుతూ మా ఆయన బయల్దేరాడు. చివరి మలుపులో దుమ్ము చీల్చుకుని ముందుగా వచ్చింది మా జీపే. జనం ఈలలు, కేకలు. మైకు మాత్రం నోరు మెదపలేదు. కప్పు రెండోదిగా వచ్చిన బండికి ఇచ్చారు.

"రేపట్నుంచి పనిలోకి రాకు," అన్నారు వెంకయ్య గారు.

"రేపటిదాకా ఎందుకండీ?" అని మా ఆయన వెంకయ్య గారి కారు తాళాలు అక్కడే ఆయన చేతిలో పెట్టేశాడు.

మర్నాడు పొగాకు వ్యాపారి డ్రైవరు ఇమ్మానియేలు మా ఇంటికొచ్చాడు.

"అన్నా, తోలినవాడి పేరు చదవకపోతే మేమూ తోలం. అందరం అనుకున్నాం."

అన్నట్టే మరుసటి వేసవిలో ఒక్క డ్రైవరూ స్టీరింగు ముట్టుకోలేదు. పంతానికి ఓనర్లే ఎక్కారు. వెంకయ్య గారి కారు దారి తప్పి, మా బుడే మావయ్య కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీదికి దూసుకుపోయింది. ఆ మిరప కోరు ముక్కుకెక్కి పందెం చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ తుమ్ములే తుమ్ములు. తుమ్ముతూనే నవ్వారు. వెంకయ్య గారు కళ్లు తుడుచుకుంటూ దిగి, కారు అక్కడే వదిలేసి నడిచి వెళ్లిపోయారు.

ఆ పై ఏడాది మైకులో డ్రైవర్ల పేర్లే ముందు చదివారు. వెంకయ్య గారు మళ్లీ తన కారు తోలమని కబురు పెట్టారు.

"పందెంలో కలుద్దామని చెప్పు," అన్నాడు మా ఆయన.

సాగరు కాలవ నీళ్లొచ్చి ఆ చేలు ఏడాది పొడుగునా సాగయ్యేదాకా తన జీపే తోలాడు. కొన్నిసార్లు గెలిచాడు, చాలాసార్లు ఓడాడు. ఓడిన రోజున కూడా మైకులో ఆయన పేరు చదివారు.